పదకొండో కుర్చీ

నంద్యాల
జూలై 3, 2025

వల్లీ,

నిన్నటి నుంచి నువ్వు తొమ్మిది సార్లు ఫోన్ చేశావు. నేను తీయలేదు. తీయను. ఫోనులో నేను ఊపిరి తీసుకునే లోపల నువ్వు నాలుగు మాటలు అనేస్తావు, నా మాట గొంతులోనే ఉండిపోతుంది. కాగితం మీదైతే నా మాట పూర్తయ్యేదాకా నువ్వు ఆగక తప్పదు. ఏమన్నా అనాలనుంటే నువ్వూ రాయి. నీ దస్తూరి బాగుంటుంది.

చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్లిపోయానని వీధిలో అంటున్నావట. మీ అన్నయ్యకు చెప్పే వచ్చాను. ఆయన పేపరు చదువుతూ "ఊఁ" అన్నారు. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆ "ఊఁ"నే అనుమతి అనుకుంటూ వచ్చాను. ఈసారీ అలాగే అనుకున్నాను.

విషయం ఇది. ఆళ్లగడ్డ బస్టాండు గోడ మీద ఒక కాగితం చూశాను. "వయ్యారిభామ మొక్క పడనివారు పరిశోధనకు కావలెను" అని ఉంది. మన పెరటి గోడ వెంబడి తెల్ల పూలతో మొలిచే ఆ కలుపు మొక్కే. పడనివాళ్లు కావాలని అడిగినవాళ్లను నేను నా జన్మలో మొదటిసారి చూశాను. మరుసటి రోజే బస్సెక్కాను.

ఇక్కడ ఊరి బయట పరిశోధన కేంద్రంలో ఒక గాజు గది కట్టారు. లోపల పదహారు కుర్చీలు. పైన గొట్టాల్లోంచి ఆ మొక్క పుప్పొడిని కొలతగా గాలిలోకి వదులుతారు. మనం మూడు గంటలు కూర్చుని, ఎన్ని తుమ్ములు వచ్చాయి, కళ్లు ఎంత దురద, ఊపిరి ఎలా ఉంది అని అరగంటకోసారి రాయాలి. ఒక్కోరోజు ఏమీ కలపని ఖాళీ గాలి వదులుతారు. ఏ రోజు ఏదో మనకు చెప్పరు. మందు పరీక్ష ఇంకా మొదలు కాలేదు. గది సరిగ్గా పని చేస్తోందా, అన్ని కుర్చీలకూ పుప్పొడి సమానంగా అందుతోందా అని ముందు చూస్తున్నారు. ప్రతి కుర్చీ పక్కన, ముక్కు ఎత్తులో, జిడ్డు పూసిన చిన్న కడ్డీ ఒకటి గిరగిర తిరుగుతుంది. దానికి అంటిన పుప్పొడిని గాజు పలక మీద పెట్టి, హజీరా అనే అమ్మాయి సూక్ష్మదర్శినిలో లెక్కపెడుతుంది. వీళ్లందరికీ పెద్ద డాక్టర్ ప్రేమ్ సాగర్ గారు. ఆయన నా ముంజేతి మీద సూదితో గీసి ఒక చుక్క వేశారు. పావుగంటలో రూపాయి బిళ్లంత దద్దు లేచింది.

నేనెందుకు వచ్చానో నీకు తెలుసు. పెళ్లయి వచ్చిన ఏడాది నుంచి, పెరడు ఊడ్చిన ప్రతి పొద్దునా నాకు ఊపిరి ఆడదు. "పని చూస్తానే దీనికి ఆయాసం వస్తాది" అని మీ అమ్మ అంది. ఆమె పోయినా ఆ మాట పోలేదు. నువ్వు దాన్ని జాగ్రత్తగా దాచుకున్నావు.

అక్టోబరు దాకా ఇక్కడే, ఆడవాళ్ల హాస్టల్లో ఉంటాను. నా గదిలో ముగ్గురు నర్సింగ్ పిల్లలు. అందరి ముందూ రుజువు చేసుకునే వస్తాను. అంతవరకు పెరడు ఎవరు ఊడుస్తారో మీరే తేల్చుకోండి.

శ్రీరంగమ్మ


ఆళ్లగడ్డ
జూలై 9

వదినకు నమస్కారాలు.

రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

ఆదివారం అహోబిలం వచ్చిన యాత్రికులు ఇరవై మందికి భోజనాలు ఒప్పుకున్నాం. నీకు తెలుసు. తెలిసే వెళ్లావు. పులిహోర నేనే కలిపాను, పప్పు నేనే తిరగమోత పెట్టాను, అన్నయ్య వడ్డించాడు. రాత్రికి నా మోకాళ్లు వంగలేదు. నాకు మాత్రం ఏ గాజు గదీ లేదు.

ఎదురింటి పద్మమ్మ రోజూ అడుగుతోంది. "మీ వదిన యాడికి పోయింది వల్లీ? కొట్లాడి పోయిందా?" అని. ఏం చెప్పమంటావు? యాభై ఏడేళ్ల మనిషి తుమ్ములు లెక్కపెట్టించుకోవడానికి నంద్యాల పోయిందని చెప్పనా?

చేతి మీద దద్దు లేచిందని అంత సంబరపడకు. దోమ కుట్టినా లేస్తుంది.

అయినా వదినా, ఈ సంగతి తేలిపోయి ఎన్నేళ్లయింది! తొంభై ఆరులో నంద్యాల డాక్టరుకే చూపించారు కదా. నరాల బలహీనత అన్నాడు. ఆ చీటీ నేనే చదివి చెప్పాను. మన ఇంట్లో ఇంగ్లీషు అక్షరం తెలిసినదాన్ని అప్పుడు నేనొక్కదాన్నే. అయిపోయినదాన్ని మళ్లీ ఎందుకు తవ్వుతావు? ఆ డాక్టర్లు ఒంటి మీద ఏవేవో ప్రయోగాలు చేస్తారు. మన ఇంటి ఆడవాళ్లు ఎప్పుడైనా ఇలా పోయారా?

అన్నయ్య సరిగా తినడం లేదు. ఆ మాట కూడా నేనే రాయాలి, ఆయన రాయడు.

వల్లి


నంద్యాల
జూలై 20

వల్లీ,

దోమ మాటకు నవ్వాను. ప్రేమ్ సాగర్ గారు కూడా కొంచెం నీలాగే అన్నారు. దద్దు లేస్తే ఆ పుప్పొడి ఒంటికి తెలుసని మాత్రమే అర్థమట, దాంతో ఆయాసం వస్తుందో లేదో గదిలోనే తేలాలట. సరే, గదిలోనే తేల్చండి అన్నాను.

పన్నెండో తేదీన మొదటిసారి కూర్చున్నాను. కుర్చీ ఏదో చీటీ తీసి చెబుతారు. నాకు నాలుగోది వచ్చింది. అందరికీ తెల్ల అంగీలు, తలకు టోపీలు. మడి సంగతి నువ్వు అడగబోతావు, అదేమీ లేదని ముందే చెబుతున్నాను. నా పక్కన బండి ఆత్మకూరు రైతు, జోసెఫ్ అని. పొలం గట్టున వయ్యారిభామ పూస్తే అతను నెల రోజులు మనిషి కాడట. "మగోడు తుమ్మితే ఇంగా నవ్వుతారు పెద్దమ్మా" అన్నాడు.

తలుపు మూశారు. పైన ఫ్యాన్లు తిరిగాయి. గంట గడిచేసరికి నా ముక్కు మొదలుపెట్టింది. మూడు గంటల్లో తొమ్మిది తుమ్ములు. కళ్లు ఎర్రబడ్డాయి, ఊపిరి కొంచెం బిగిసింది. అన్నీ రాశాను. నేను తుమ్మితే ఎవరైనా గడియారం చూసుకోవడం ఇదే మొదటిసారి వల్లీ. మన ఇంట్లో నేను తుమ్మితే అందరూ మొహాలు చూసుకునేవారు.

తర్వాత హజీరా నన్ను తన బల్ల దగ్గరికి పిలిచింది. "రా పెద్దమ్మా, నీ శత్రువును చూద్దువు" అంది. అద్దంలో కన్ను పెట్టాను. గులాబీ రంగు వేసిన గుండ్రటి గింజ, చుట్టూ ముళ్లు, అచ్చం పల్లేరుకాయ. "ఇంతేనా?" అన్నాను. "ఇంతే. గుండుసూది తల మీద వేలు పడతాయి" అంది. ఇన్నేళ్లు నన్ను కూలదోసినదాన్ని చాలాసేపు చూశాను. ఆ పిల్ల నన్ను తొందరపెట్టలేదు.

తొంభై ఆరు నాటి డాక్టరు నాకూ గుర్తే. నరాల బలహీనతకు తుమ్ములు ఎందుకు వస్తాయో ఆ రోజే అడగాల్సింది. నాకు ఇంగ్లీషు రాదు, నువ్వు చదివితే నమ్మాను.

శ్రీరంగమ్మ


నంద్యాల
ఆగస్టు 1

వల్లీ,

నువ్వు జవాబు రాయలేదు. అయినా ఆగలేక రాస్తున్నాను.

జూలై 26న రెండోసారి గదిలో కూర్చున్నాం. ఈసారి పదకొండో కుర్చీ. ఫ్యాన్లు తిరిగిన పది నిమిషాలకే తుమ్ములు అందుకున్నాయి. లెక్క రాద్దామంటే చెయ్యి ఖాళీ లేదు. ఆ తర్వాత ఛాతీ మీద తిరగలి పెట్టినట్టయింది. ఊపిరి కొలవడానికి ఒక గొట్టం ఇస్తారు, గట్టిగా ఊదాలి. ఊదాను. ముల్లు సగానికి కూడా కదలలేదు. నర్సు గంట కొట్టింది. ఇద్దరు పట్టుకుని బయటికి తెచ్చారు, ముక్కుకు మూత పెట్టి ఆవిరి మందు పట్టించారు. గంటకు మనిషినయ్యాను.

భయపడ్డావా అంటే భయపడ్డాను. కానీ ఆ ఆవిరి పీలుస్తూనే లోపల సంతోషించాను. డాక్టరు కళ్ల ముందు, నర్సు చేతిలో ముల్లు కిందికి జారుతుండగా వచ్చింది వల్లీ. ఇక దీన్ని నటన అనగలిగిన మనిషి ఎవరో రమ్మను.

పన్నెండో కుర్చీలో జోసెఫ్ కూడా నాలుగైదు సార్లు తుమ్మాడు. నర్సు అతనికి జలుబని రాసుకుంది.

తొమ్మిదో తేదీన ఇంకోసారి కూర్చుంటే మా మొదటి విడత అయిపోతుంది. అప్పుడు మూసి పెట్టిన కవరు తెరిచి, ఏ రోజు పుప్పొడి వదిలారో, ఏ రోజు ఖాళీ గాలి వదిలారో చెబుతారు. ఆ కాగితం పట్టుకుని వస్తాను. నువ్వే చదివి పెడుదువు, అందరూ వినేటట్టు.

శ్రీరంగమ్మ


ఆళ్లగడ్డ
ఆగస్టు 13

వదినకు,

నిన్న మీ కేంద్రం నుంచి అన్నయ్యకు ఫోన్ వచ్చింది. స్పీకరు పెట్టి ఉంది, నేనూ విన్నాను. నిన్ను బయటికి తెచ్చి ఆవిరి పట్టిన రోజు గదిలో వదిలింది ఖాళీ గాలట. అసలు పుప్పొడే లేదట. నీ పేరు జాబితాలోంచి తీసేశామని, వచ్చి తీసుకుపొమ్మని చెప్పారు.

"ఆమె అబద్ధమాడిందని మేము అనం. కొందరికి భయంతోనే ఊపిరి బిగుస్తుంది. ఆమెకు వేరే ఏమీ లేదు" అన్నాడు మాట్లాడినాయన. అన్నయ్య "నేను ముందే అనుకున్న్యా" అని ఒక్క మాట అని పేపరు మడిచి పెట్టాడు.

నేను నవ్వుతానని నువ్వు అనుకుంటావు. నవ్వలేదు వదినా. నిజంగా నవ్వలేదు. ఎవ్వరికీ చెప్పను కూడా. పద్మమ్మ అడిగితే అక్కడ పని అయిపోయిందంటాను. అన్నయ్య రేపు వస్తున్నాడు. ఆయనతో గొడవ పడకుండా బస్సెక్కు. మళ్లీ డాక్టర్లు, పరీక్షలు వద్దు. పెరడు నేనే ఊడుస్తాను, ఆ పని నీకు చెప్పను. ఇక దీన్ని వదిలెయ్యి.

వల్లి


నంద్యాల
ఆగస్టు 20

వల్లీ,

మీ అన్నయ్య ఒంటరిగా తిరిగొచ్చారు కదా. ఏం జరిగిందో ఆయన చెప్పి ఉండరు. నేను చెబుతాను.

హాస్టలు వరండాలో నిలబడి "పా, బస్సుకు టైమైతాంది" అన్నారు.

"నేను రాను" అన్నాను.

"ఏందీ నువ్వు చేస్తాండేది? డాక్టర్లే ఏమీ లేదంటాండారు కదా."

"డాక్టర్లు కవరు చూసినారు. నేను గాలి పీల్చినా. ఆ దినం ఆ గదిలో పొడి ఉంది."

"లేదని కాయితంలో ఉంది."

"కాయితం తప్పు."

ఆయన నా వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశారు. నర్సింగ్ పిల్లలు టీ ఇచ్చారు, తాగి వెళ్లారు.

నేను ప్రేమ్ సాగర్ గారి గదికి పోయాను. "మీరు కావాలని చేశారని అనడం లేదమ్మా. మనసు ఒంటిని అలా చేస్తుంది" అని నెమ్మదిగా చెప్పారు. కోపంగా చెప్పినా బాగుండేది.

"సారూ, నా మనసు సంగతి ఇన్నేళ్లు మా అత్తగారు చెప్పింది, చాలు. నేను ముక్కు సంగతి అడుగుతాండా. నా కుర్చీ పక్కన కడ్డీ తిరిగింది కదా, దానికి ఏమంటింది?" అన్నాను.

ఖాళీ గాలి రోజున పదహారు పలకలూ లెక్కపెట్టరట, మూడే పెడతారట. ఆ మూడింటిలో సున్నా వచ్చిందట.

"ఆ మూడిట్లో పదకొండోది ఉందా?"

లేదన్నారు.

"అయితే చూడండి."

సెప్టెంబరులో మందు కంపెనీవాళ్లు గది చూడటానికి వస్తున్నారట, తీరిక లేదన్నారు. నేను వచ్చి ఆయన గది బయట బల్ల మీద కూర్చున్నాను. ఇది నాలుగో రోజు. పొద్దున తొమ్మిదికి పోతాను, ఐదుకు లేస్తాను. వాచ్‌మన్ గురవయ్య మొదటి రోజు "లెయ్యమ్మా, సారు తిడతాడు" అన్నాడు. మూడో రోజు తన ఫ్యాను నా వైపు తిప్పి పెట్టాడు. జోసెఫ్ కూడా వచ్చి, ఆ రోజు తనకు జలుబు లేదని కాగితం రాసి సంతకం పెట్టి పోయాడు.

ఎవ్వరికీ చెప్పనని రాశావు. ఎందుకు? అందరికీ చెప్పు. మా వదిన నంద్యాలలో డాక్టరు గుమ్మం ముందు కూర్చుని ఉంది, లేవమంటే లేవడం లేదు అని పద్మమ్మకు నా మాటగా చెప్పు.

శ్రీరంగమ్మ


నంద్యాల
సెప్టెంబరు 2

వల్లీ,

ఈ ఉత్తరం నిదానంగా చదువు.

నేను బల్ల మీద కూర్చున్న ఐదో రోజు మధ్యాహ్నం హజీరా వచ్చి పక్కన కూర్చుంది. ఆ పిల్లకు ఇరవై ఆరేళ్లుంటాయి. వాళ్ల నాన్న మీరావలికి ఇక్కడే మోటార్ వైండింగ్ షాపు ఉంది. "పెద్దమ్మా, నేను చూసినా" అంది.

ఎవరూ చెప్పకుండానే, అన్నం తినే గంటలో, నాలుగు రోజులు కూర్చుని మిగతా పదమూడు పలకలూ లెక్కపెట్టిందట. పదింటిలో ఏమీ లేదు. నాకు అటూ ఇటూ ఉన్న రెంటిలో కొంచెం ఉంది. పదకొండో కుర్చీది మాత్రం, నిజంగా పుప్పొడి వదిలిన రోజు అదే కుర్చీకి అంటినదానికి రెండింతలట. "రెండు మార్లు లెక్కపెట్టినా. కండ్లు మండినాయి" అంది.

"సారుకు చెప్తే నీ ఉద్యోగం?" అన్నాను.

"నా ఉద్యోగమే లెక్కపెట్టేది. లెక్కపెట్టినందుకు తీసేస్తే తీసెయ్యనీ."

ఇద్దరం లోపలికి పోయాం. ప్రేమ్ సాగర్ గారు ఆ కాగితం చూసి, చేతులు మారేటప్పుడు పలకకు అంటి ఉంటుందన్నారు. "అయితే మనుషులు లేకుండా మళ్లీ తిప్పండి సార్, ఖాళీ గాలి" అంది హజీరా. ఆయన కాగితంలోని అంకెలు మళ్లీ మొదటి నుంచి చదివారు. తర్వాత సరే అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు వల్లీ. తప్పు తనదేమోనని భయపడే చదువుకున్న మనిషి, అంతే.

రెండు రోజులు తిప్పారు. రెండు రోజులూ పదకొండో కుర్చీ దగ్గరే పుప్పొడి పడింది. అప్పుడు నిచ్చెన వేశారు. గురవయ్య కింద పట్టుకున్నాడు, ప్రేమ్ సాగర్ గారే ఎక్కారు. ఆ కుర్చీకి సరిగ్గా పైన రెండు గొట్టాలను కలిపే గుడ్డ తొడుగు ఒకటి ఉంది. దాన్ని మడత పడేటట్టు బిగించారు. పుప్పొడి వదిలిన ప్రతిసారీ కొంత ఆ మడతలో చేరుతోంది. గది కడుగుతారు, కుర్చీలు తుడుస్తారు, ఆ మడత ఎవరికీ కనబడదు. మరుసటిసారి ఫ్యాను తిరగగానే అదంతా కిందికి రాలుతోంది. తెల్ల కాగితం మీద చిటికెడు పొడి పట్టుకుని ఆయన కిందికి దిగారు. నేను గాజు అవతల నిలబడి చూశాను.

బయటికి వచ్చి, "అమ్మా, నలభై మంది కూర్చుని రాసిందంతా పనికి రాదు. మళ్లీ మొదటి నుంచి చేయాలి" అన్నారు. నా పేరు మళ్లీ చేరుస్తామని, ఆ రోజు లెక్కను సాంకేతిక కారణాల వల్ల పరిగణించలేదని రాస్తామని అన్నారు.

"ఆ మాటకు అర్థమేంది సారూ?"

"అంటే, ఆ రోజును లెక్కలోకి తీసుకోం."

"నాకట్ల వద్దు. ఆమెకు ఏమీ లేదని మా ఇంటికి ఫోన్ చేసి చెప్పినారు కదా, అంత తేటగా రాయండి. తెలుగులో. అంతవరకు నేను బల్ల మీద నుంచి లెయ్యను."

ఆయన హజీరా వైపు చూశారు. హజీరా నేల వైపు చూసింది. రెండు కాగితాలు చించి పారేశాక మూడోదాని మీద తన చేతితోనే రాశారు. కింద ఆ మాటలు దించుతున్నాను. అసలుది నా దగ్గరే ఉంటుంది.

"జూలై 26న శ్రీమతి శ్రీరంగమ్మ గారికి వచ్చిన ఆయాసం నిజమైనది. ఆమె కూర్చున్న చోట గాలిలో పుప్పొడి ఉంది. మా పరికరాల కంటే ముందు ఆమె దాన్ని గుర్తించారు. తప్పు గదిది, ఆమెది కాదు. ఆమెకు ఏమీ లేదని ఇంటికి చెప్పినందుకు క్షమాపణ కోరుతున్నాను."

మీ అన్నయ్యకు చదివి వినిపించు. పేపరు పక్కన పెట్టమని చెప్పి వినిపించు.

శ్రీరంగమ్మ


ఆళ్లగడ్డ
సెప్టెంబరు 9

వదినా,

నీ ఉత్తరం అన్నయ్యకు ఇంకా చదవలేదు. చదవబోయి మడిచి పెట్టాను. నీకు ముందు ఒక మాట చెప్పాలి. చెప్పాక నువ్వు నాకు ఉత్తరం రాయవేమో.

తొంభై ఆరులో ఆ డాక్టరు చీటీలో నరాల బలహీనత అని లేదు.

ఆయన కూడా నీ చేతి మీద సూదితో గీసి చూశాడు, గుర్తుందా? దుమ్ము, వయ్యారిభామ పుప్పొడి ఈమెకు పడవు, ఊడ్చే పని, పెరటి పని చెప్పకండి, ఈ మందు ఏడాది పాటు వాడండి అని రాశాడు. సగం ఇంగ్లీషు నాకు అర్థం కాలేదు కానీ ఈ సగం బాగా అర్థమైంది. అన్నయ్య చీటీ నా చేతికిచ్చాడు. అమ్మ చేట పక్కన పెట్టి "ఏముంది దాంట్లో?" అంది. నాకు పంతొమ్మిదేళ్లు. రేపటి నుంచి చీపురు నా చేతికి వస్తుందని అనిపించింది. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు వదినా. ఎంత వెతికినా లేదు. "నరాల బలహీనతంట, విశ్రాంతి తీసుకుంటే పోతాదంట" అన్నాను.

"విశ్రాంతి కోసరమే కదా ఆ ఆయాసం" అంది అమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నువ్వు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నావు. ఆ సాయంత్రం చీటీ పొయ్యిలో వేశాను.

నాలుగు రోజులు పోయాక చెబుదామనుకున్నాను. తర్వాత నా పెళ్లయింది, వేరే ఊరు పోయాను. మా ఆయన పోయాక దిక్కులేక తిరిగొస్తే, అన్నయ్య ఇంకా ఆలోచిస్తుండగానే నువ్వే నా పెట్టె లోపలికి మోసుకుపోయావు. నీ చేతి అన్నం తింటూ ఎలా చెప్పను? నువ్వు డాక్టర్ల దగ్గరికి పోతానన్న ప్రతిసారీ భయపడి నిన్నే తిట్టాను.

నీ చేత జడలు వేయించుకుని బడికి పోయినదాన్ని. నాకు ఏ శిక్ష వేసినా సరే. అన్నయ్యకు తెలిస్తే ఈ ఇంట్లో ఉండనివ్వడు, అది ఒక్కటే నీ చేతిలో పెడుతున్నాను.

వల్లి


నంద్యాల
సెప్టెంబరు 13

అమృతవల్లికి,

నీ ఉత్తరం అందింది.

నాకు ఒక్కదానికి చెప్పావు. ఆ రోజు నవ్వింది అందరూ.

శ్రీరంగమ్మ


ఆళ్లగడ్డ
సెప్టెంబరు 26

వదినా,

నిన్న అమ్మ తద్దినం. చిన్నాన్న కొడుకు అచ్యుత్ వాళ్లంతా వచ్చారు. నువ్వు లేవేమని ఒక్కొక్కరే అడిగారు. భోజనాలయ్యాయి, తాంబూలాలు తీసుకుని హాలులో కూర్చున్నారు. ఎవరో అమ్మ మాట తీశారు, ఆమె మాటకారితనం గురించి. అచ్యుత్ నవ్వుతూ, "పని చూస్తానే ఆయాసమని పెద్దమ్మ అనేది కదా!" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

నేను వంటింట్లోంచి బయటికి వచ్చాను. చేతులు తడిగా ఉన్నాయి. "ఆయాసం నిజమే. డాక్టరు తొంభై ఆరులోనే రాసిచ్చినాడు. నేను అబద్ధం చదివినా" అన్నాను.

అన్నయ్య, "ఏందీ వల్లీ నువ్వు చెప్పేది? మతి ఉండే మాట్లాడతాండావా?" అన్నాడు.

"మతి ఇప్పుడుంది అన్నా. అప్పుడు లేదు" అన్నాను. నిలబడే అంతా చెప్పాను. చీటీలో ఏముందో, నేనేం చదివానో, పొయ్యిలో వేసింది కూడా. ఆ తర్వాత ప్రేమ్ సాగర్ గారు రాసిన మాటలు చదివాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు. "అమ్మ తద్దినం నాడా ఈ మాటలు?" అని అచ్యుత్ అన్నాడు. "అమ్మ కూడా వినాల్సిన మాటలే" అన్నాను.

అన్నయ్య లేచి బయటికి పోయాడు. సాయంత్రం దాకా రాలేదు. నేను బట్టలు సర్దుకుని కూర్చున్నాను. వచ్చి నా పెట్టె చూశాడు. "యాడికి?" అన్నాడు. తెలియదన్నాను. "ఆయమ్మి వచ్చి పొమ్మంటే పో. అంతవరకు ఉండు" అన్నాడు.

ఈ పొద్దున లేచి చూస్తే ముఖానికి తువ్వాలు చుట్టుకుని పెరట్లో వయ్యారిభామ పీకుతున్నాడు. వేళ్లతో సహా. నేను సాయం పోతే వద్దన్నాడు.

వల్లి


నంద్యాల
అక్టోబరు 15

వల్లీ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. కోపంతో కాదు, ఏం రాయాలో తెలియక ఊరుకున్నాను.

ముందు గది సంగతి. గుడ్డ తొడుగు తీసేసి ఇనుప గొట్టం వేశారు. మందు కంపెనీవాళ్లు వచ్చిన రోజున ప్రేమ్ సాగర్ గారు ఏదీ దాచకుండా అంతా చెప్పారట. వాళ్లు ఆరు నెలలు ఆగుతామన్నారు. ఇక నుంచి ఖాళీ గాలి రోజున కూడా పదహారు పలకలూ లెక్కపెట్టాలని హజీరా పట్టుబట్టి రాయించింది. బాగుచేశాక మొదటిసారి కూర్చోమంటే నేను చీటీ తీయలేదు, పదకొండో కుర్చీయే అడిగాను. మూడు గంటలు కూర్చున్నాను. ఒక్క తుమ్ము రాలేదు. రాలేదనే రాశాను. కవరు తెరిస్తే ఆ రోజు ఖాళీ గాలి. తర్వాతి వారం పద్నాలుగు తుమ్ములు. ఆ రోజు పుప్పొడి. ఇక నన్ను అడగాల్సిన ప్రశ్న ఏమీ మిగల్లేదు వాళ్లకు.

నీ సంగతి. నిన్ను క్షమించలేదు. ఇరవై తొమ్మిదేళ్లు వల్లీ. ఎన్ని పొద్దులు ఆ పెరటి గోడ పట్టుకుని నిలబడ్డానో నీకు తెలియదు, నాకూ లెక్క తెలియదు. నిన్న కూడా తలచుకుంటే ఒళ్లు మండింది. అయితే నువ్వు అందరి ముందు నిలబడి చెప్పావు. మన ఇంట్లో ఆ పని చేసిన మగవాడు కూడా నాకు గుర్తు లేడు. పెట్టెలోంచి బట్టలు తీసి బీరువాలో పెట్టుకో.

శనివారం వస్తున్నాను. పది రోజులుండి మళ్లీ ఇక్కడికి వస్తాను. కొత్తగా వచ్చేవాళ్లకు గది గురించి చెప్పి, భయం తీర్చి, లోపల కూర్చోబెట్టే పని నాకిచ్చారు. నేనే అడిగాను. మీ అన్నయ్యకు ఈ సంగతి చెప్పు. "ఊఁ" అంటే సరిపోదు, మాటలతో జవాబు కావాలని కూడా చెప్పు.

మొన్న సంజామల నుంచి ఒక పిల్ల వచ్చింది. షబ్నమ్ అని, ముప్పై ఏళ్లు కూడా ఉండవు. భర్త వెంట ఉన్నాడు. కాగితాలు నింపుతుంటే అతను నవ్వుతూ అందరికీ వినబడేటట్టు, "దీనికి ఏమీ లేదు. పని తప్పించుకునే దానికి నాటకాలు" అన్నాడు. ఆ పిల్ల తల వంచుకుంది. ఆ వంచడం నాకు తెలుసు.

నేను కుర్చీలోంచి లేచాను. ఆ పిల్ల చేతిలోంచి సంచి తీసుకున్నాను. గాజు తలుపు తెరిచి పట్టుకుని ఆమెను లోపలికి పంపాను. అతను వెనకాలే రాబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"నువ్వు బయట కూర్చోప్పా" అన్నాను. "లోపలుండేటివి ఊపిరాడనోళ్ల కుర్చీలు."

మూడు గంటలు కూర్చున్నాడు వల్లీ.

శ్రీరంగమ్మ